రెండో బ్రేకు

కిందటి వారం మనం డ్రైవింగ్ మాస్టారిని ఫుట్‌పాత్ మీద నిలబెట్టి వచ్చేశాం. ఆయన చేతిలో సగం తాగిన టీ కప్పు. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా ఆగిపోయిన నీలం రంగు కారు. కారు ముందు, చెప్పు ఒకటి ఇటు, ఒకటి అటు ఎగిరిపోయి, కదలకుండా పడి ఉన్న కళ్లజోళ్ల షాపాయన. పొద్దున తొమ్మిదిన్నరకు, పదిమంది చూస్తుండగా జరిగింది. కారు దిగి, తలుపు పట్టుకుని వణికిపోతున్న మనిషి ఆరు నెలల క్రితం మాస్టారి దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్న టైలరమ్మ.

ఆ తర్వాత మూడు రోజులు గడిచాయి. కళ్లజోళ్ల షాపాయన ప్రాణం దక్కింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగితే ఆపరేషన్ చేశారు. మళ్లీ మామూలుగా నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. టైలరమ్మ కారును పోలీసులు పట్టుకెళ్లి మెకానిక్‌కు చూపించారు. బ్రేకులు భేషుగ్గా ఉన్నాయని అతను రాసిచ్చాడు. ఇక తేలాల్సింది ఒక్కటే: ఆవిడ బ్రేకు తొక్కిందా, లేదా? తొక్కలేదని తేలితే కేసు బిగుసుకుంటుంది. చూసినవాళ్లు ఎంతమంది ఉన్నా, "మీకు బండ్ల సంగతి తెలుసు, మీ మాటకు విలువుంటుంది" అని పోలీసు రైటరు ప్రత్యేకంగా మాస్టారినే అడిగాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి స్టేషన్‌కు వచ్చి చూసింది చూసినట్టు చెప్పమన్నాడు.

ఇవాళే శుక్రవారం. టైము ఒంటిగంటన్నర.

ఈ మూడు రోజులూ మాస్టారు తిండి తిన్నారు, స్నానం చేశారు, వచ్చిన ఇద్దరు ముగ్గురు శిష్యులను "వచ్చే వారం రండి" అని పంపించేశారు. మిగతా వేళంతా తన కుడికాలి గురించే ఆలోచించారు. వినేవాళ్లకు నవ్వొస్తుంది గానీ ఆయనకు నవ్వు రాలేదు.

ప్రమాదం కళ్ల ముందు జరిగితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చేస్తారు. బేకరీ ఆవిడ కేకేసి, కౌంటర్ వదిలేసి పరుగెత్తింది. పత్రికలమ్మే అతను గట్టిగా కళ్లు మూసుకున్నాడట, తనే చెప్పుకుని సిగ్గుపడ్డాడు. ఎవరో కాలేజీ అమ్మాయి, ఊరికే దారిన పోతున్న పిల్ల, ఆస్పత్రికి ఫోను చేసి అడ్రసు కూడా తడబడకుండా చెప్పింది. మాస్టారు ఏం చేశారంటే, కుడికాలితో ఫుట్‌పాత్‌ను తొక్కారు. మడమ ఆనించి, ముందుపాదంతో, రాతిలోకి దిగబడేలా తొక్కారు. అందరూ గాయపడ్డ మనిషిని టాక్సీలో పడుకోబెట్టేదాకా ఆ కాలు తీయలేదు. "మాస్టారూ, కాస్త చెయ్యి వేయండి అని మూడుసార్లు పిలిచాను. వినిపించుకోలేదే" అని బేకరీ ఆవిడ తర్వాత అడిగితే, "కాళ్లూ చేతులూ ఆడలేదమ్మా" అన్నారు. ఆవిడ పాపం నమ్మింది. అరవై దగ్గరపడుతున్న మనిషి, ఆ దృశ్యం చూసి బిగుసుకుపోయాడని జాలిపడింది కూడా.

కాళ్లూ చేతులూ ఆడకపోవడం నిజమైతే మాస్టారికి ఇంత బాధ ఉండేది కాదు. ఒక కాలు ఆడింది. అదీ కాదు అసలు సంగతి. ఆ కాలు ఎప్పుడు ఆడిందన్నది అసలు సంగతి. మొదటి రోజంతా, ఆ మనిషి రోడ్డు మీదికి అడుగుపెట్టడం చూసి తొక్కాననుకున్నారు. రెండో రోజు అనుమానం వచ్చింది. మూడో రోజు, అంటే నిన్న, గడ్డం గీసుకుంటుంటే అద్దం ముందు ఉన్నట్టుండి తేలిపోయింది. తన కాలు తొక్కినప్పటికి కళ్లజోళ్ల షాపాయన ఇంకా అవతలి ఫుట్‌పాత్ మీదే ఉన్నాడు. చంకలో పొట్లం సర్దుకుంటున్నాడు. రోడ్డు మీద ఏ ప్రమాదమూ లేదు. నీలం కారు తన ముందు నుంచి వెళుతుంటే, స్టీరింగ్ మీదికి వంగి, గడ్డం పైకెత్తి కూర్చున్న మనిషిని చూసి, "అరే, మన టైలరమ్మ" అని గుర్తుపట్టారు. గుర్తుపట్టిన ఆ క్షణంలోనే కాలు కిందికి దిగిపోయింది.

ఎందుకు దిగిందో ఆయనకు తెలుసు. తెలిసినట్టు ఇంకా ఒప్పుకోలేదు, అంతే.

"బావా, సిమెంటు బొమ్మలా అలా కూర్చోకు. చూడలేక చస్తున్నాను."

ఆ మాట అన్నది మాస్టారి బావమరిది. డ్రైవింగ్ స్కూలు ఆఫీసు బాధ్యతంతా అతనిదే. ఆఫీసంటే ఒక గది. గోడకు రంగులు వెలిసిన ట్రాఫిక్ గుర్తుల పటం, మూలన చేతులు తిప్పడం నేర్పడానికి కర్రకు బిగించిన పాత స్టీరింగు, ఒక బల్ల, మూడు కుర్చీలు. మూడో కుర్చీ ఊగుతుంది, అందుకని దానిలో ఎప్పుడూ బావమరిదే కూర్చుంటాడు. స్వతహాగా మంచివాడే గానీ నోరు ఊరుకోదు.

"నీకేం కష్టం లేదు బావా. టీ తాగుతున్నాను, చప్పుడు విని తలెత్తాను, అప్పటికే అయిపోయింది అను. నువ్వు చూడలేదు, నీకు తెలియదు. రైటరు నీ కళ్లలోకి దూరి చూస్తాడా?"

"చూశాను కదరా."

"చూస్తే చూశావు. చెప్పాలని ఏముంది? ఆవిడ ఎక్కడ నేర్చుకుందని అడుగుతారు. మన బోర్డు పేరు కాగితం మీదికి ఎక్కుతుంది. ఇరవై ఆరేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు. ఈ ఊళ్లో స్టీరింగంటే భయపడేవాళ్లు ఎవరి దగ్గరికి వస్తారు? మన దగ్గరికే కదా. మాస్టారి పక్కన కూర్చుంటే చాలు, భయం పారిపోతుందంటారు. నేనన్నానా? జనం అంటున్నారు."

ఆ పేరు విన్నప్పుడల్లా మాస్టారి గుండె ఉబ్బేది. ఇవాళ ఎవరో చెంప మీద కొట్టినట్టుంది.

గుమ్మంలో నీడ పడింది. టైలరమ్మ నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. జాకెట్టు చేతికి రెండు దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ముప్పై అయిదేళ్ల మనిషి, మూడు రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టుంది. బావమరిది ఊగే కుర్చీలోంచి ఊగకుండా లేచాడు.

"రామ్మా, కూర్చో" అన్నారు మాస్టారు.

ఆమె కూర్చోలేదు. "మాస్టారూ, మీరు చూశారని అందరూ అంటున్నారు."

"అమ్మా, బావగారు ఆ టైములో టీ తాగుతూ..." అని బావమరిది అందుకున్నాడు.

"నాకు కారు నేర్పింది మీరు కాదు కదండీ" అంది ఆమె, కోపంగా కాదు, మెల్లిగానే. బావమరిది నోరు మూతపడింది. అలా మూతపడటం ఆ గదిలో అరుదు.

ఏమడుగుతుందో మాస్టారికి తెలుసు. బ్రేకు తొక్కిందని చెప్పండి, నన్ను గట్టెక్కించండి అని అడుగుతుంది. ఎవరైనా అదే అడుగుతారు. దానికి ఏం చెప్పాలో కూడా మూడు రోజులుగా అనుకుని పెట్టుకున్నారు. ఆమె అడిగింది అది కాదు.

"నేను బ్రేకు తొక్కానా మాస్టారూ?"

మాస్టారు బల్ల మీది కారు తాళాలు అటూ ఇటూ జరిపారు.

"తొక్కాననే నాకు గుర్తు. కానీ మా ఆయన అంటాడు, భయానికి కాలు బిగుసుకుపోయి ఉంటుంది, తొక్కాననుకుంటున్నావు అంతే అని. మా ఆడపడుచూ అదే మాట. మెకానిక్ చూస్తే బ్రేకులు బాగున్నాయన్నాడు. అన్నీ బాగున్నప్పుడు నేను తొక్కితే బండి ఆగాలి కదా? ఆగలేదంటే తొక్కనట్టే కదా? రేపు నన్ను స్టేషన్‌కు రమ్మన్నారు. తొక్కలేదని ఒప్పేసుకుందామనే అనుకుంటున్నాను. కానీ మిషను ముందు కూర్చుంటే ఈ కాలు నాదేనా అని అనుమానం వస్తోంది. పొద్దున ఒక గౌను చేతులు తిరగేసి కుట్టాను. పదిహేనేళ్లలో ఎప్పుడూ అలా కుట్టలేదు. నా కోసం ఏమీ మార్చి చెప్పొద్దు. మీరు చూసింది నాకొక్కదానికి చెప్పండి, చాలు."

"నువ్వు తొక్కావు" అనడానికి ఎంతసేపు? నిజం కూడా. కారు తనను దాటి వెళ్లాక, కళ్లజోళ్ల షాపాయన రోడ్డు మీద అడుగుపెట్టగానే, వెనక రెండు ఎర్ర బ్రేకు లైట్లూ వెలగడం మాస్టారు కళ్లారా చూశారు. ఆగడానికి చాలినంత దూరం ఉంది కూడా. అయినా ఆ మాట గొంతు దాటలేదు. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు.

ఆమె ఆ మౌనాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకుంది. "పోనీ, ఒక్కసారి మీ బండిలో కూర్చోబెట్టండి. ఆ రోజు ఎలా తొక్కానో అలాగే తొక్కుతాను. చూసి మీరే చెప్పండి."

"బావా, అది కుదరదు" అన్నాడు బావమరిది. "లైసెన్సు పోలీసుల దగ్గరుంది కదా."

"గ్రౌండులో లైసెన్సు అక్కర్లేదు" అన్నారు మాస్టారు, తాళాలు తీసుకుంటూ. ఎందుకు ఒప్పుకున్నారంటే ఆయనా చెప్పలేరు. దాచుకున్నది దాచుకోలేని స్థితికి వచ్చిన మనిషి ఒక్కోసారి తలుపు తనే తీస్తాడు.

ప్రాక్టీసు గ్రౌండంటే మూతపడిన గిడ్డంగి వెనక సిమెంటు నేల. పగుళ్లలో గడ్డి మొలిచింది. మాస్టారు తన చేత్తో గీసిన తెల్ల గీతలు, నాలుగు ఎర్ర కోన్‌లు, అంతే. అక్కడిదాకా ఆయనే నడిపారు. దారిలో కళ్లజోళ్ల షాపు వచ్చింది. సగం దించిన షట్టరు వైపు చూడకుండా టైలరమ్మ తన ఒళ్లోకి చూసుకుంది. గ్రౌండులో ఇద్దరూ సీట్లు మారారు.

ఇక్కడ ఆ బండి సంగతి చెప్పాలి. డ్రైవింగ్ స్కూలు కారు కాబట్టి నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకు, పక్క సీట్లో మాస్టారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. రెంటినీ కలిపి ఇనప తీగ ఉంటుంది. ఇటు తొక్కితే అటుదీ దిగుతుంది. అదేమీ రహస్యం కాదు, ప్రమాదం వస్తే ఆపడానికే అది. నేర్చుకునేవాళ్లు గీత దాటబోతే మాస్టారు తొక్కుతారు, "చూశావా, నేను ఆపాను, నువ్వు ఆపలేదు" అని చెబుతారు. అలా చెప్పాలి. వేరే స్కూళ్లలో అలాగే చెబుతారు, కేకలేసి మరీ చెబుతారు.

మన మాస్టారికి కేకలు చేతకావు. ఎన్నో ఏళ్ల కిందట, మొదటి రోజే వణికిపోయిన ఒక శిష్యురాలి కోసం ఆయన చప్పుడు కాకుండా తన బ్రేకు తొక్కి, "శభాష్, ఎంత బాగా ఆపావమ్మా" అన్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. మర్నాటినుంచి జంకు లేకుండా నడిపింది. అదే ఆయన పద్ధతి అయిపోయింది. భయపడే కాలు మెత్తగా బ్రేకు మీద పడుతుంది, మాస్టారి కాలు మిగతాది పూర్తి చేస్తుంది, మెచ్చుకోలు మాత్రం వాళ్లకు. ధైర్యం ముందు రావాలి, బలం దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. వచ్చిందో లేదో చూడకుండానే సర్టిఫికెట్ ఇచ్చి పంపేవారు. పండులాంటి నమ్మకం, దాని లోపల పురుగుందని మాస్టారికి ఈ మంగళవారం దాకా తట్టలేదు.

"ఎంతలో వెళ్లమంటారు?"

"ఆ రోజు ఎంతలో వెళ్లావు?"

"ముప్పైలో."

"అంతే వెళ్లు. ఆ తెల్ల గీత దగ్గర ఆపు."

కారు కదిలింది. మాస్టారు రెండు పాదాలూ వెనక్కి లాక్కుని సీటు కిందికి పెట్టుకున్నారు. ఇరవై ఆరేళ్లలో ఆ సీట్లో అలా కూర్చోవడం అదే మొదలు. కుడికాలు ముందుకు లాగింది. చేత్తో మోకాలిని అదిమి పట్టుకున్నారు.

గీత వచ్చింది. టైలరమ్మ కాలు బ్రేకు మీదికి వెళ్లింది. సరైన వేళకే వెళ్లింది, ఒక్క క్షణం ఆలస్యం కాలేదు. బండి నెమ్మదించింది. నెమ్మదిస్తూనే గీత దాటింది, ఎర్ర కోన్‌ను గుద్దింది, బంపరు కింద దాన్ని ఈడ్చుకుంటూ పోయింది. ఆమె కంగారుపడి రెండు కాళ్లూ వేసి తొక్కేసరికి ఒక్క కుదుపుతో ఆగి, ఇంజను ఆఫయిపోయింది.

కింద నలిగిన కోన్ మెల్లగా విచ్చుకుంటున్న చప్పుడు వినిపించింది.

"మీ బండి బ్రేకు కూడా పాడైందా మాస్టారూ?" అని అడిగింది.

అమాయకంగానే అడిగింది. ఆ అమాయకత్వమే మాస్టారిని నిలువునా కోసింది.

"లేదమ్మా."

"ఇదివరకు ఇలా ఉండేది కాదు కదా. కాలు పెడితే చాలు, దానంతటదే కిందికి దిగేది. అచ్చం నా మిషను పెడల్‌లాగే. నీ కాలు వెన్నలాంటి కాలమ్మా అని మీరే అనేవారు. మా కారు కొన్నాక, బ్రేకు గట్టిగా ఉందని రెండుసార్లు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అన్ని బండ్లూ ఇంతేనమ్మా అన్నాడు. మా మాస్టారి బండి అలా ఉండదు, మీకు తెలియదు అని వాదించాను కూడా. నవ్వి ఊరుకున్నాడు. నాలుగు వీధుల్లో మెల్లిగా తిరగడానికి ఇబ్బందేమీ లేదు కదా, అలవాటైపోతుందిలే అనుకున్నాను."

చెబుతూ చెబుతూ ఆమె కిందికి చూసింది. బల్ల కింద కాళ్లు దాచుకున్న బడిపిల్లవాడిలా కూర్చుని ఉన్న మాస్టారి పాదాలు కనిపించాయి. వాటికి ఎదురుగా ఖాళీగా ఉన్న రెండో బ్రేకు కనిపించింది. పైనున్న నల్ల రబ్బరు మధ్యలో అరిగి, ఇనుము మెరుస్తోంది.

ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

"మళ్లీ వెళ్దాం" అంది. గొంతు మారింది. "ఈసారి ఎప్పుడూ కూర్చున్నట్టు కూర్చోండి."

"వద్దమ్మా."

"కూర్చోండి మాస్టారూ."

ఆయన పాదాలు ముందుకు పెట్టారు. ఆమె కోన్‌ను లాగి పక్కన పడేసి వచ్చి, బండి వెనక్కి తీసుకుని, మళ్లీ ముప్పైలో వచ్చింది. గీత దగ్గర ఆమె కాలు వెళ్లింది, ఆయన కాలూ వెళ్లింది. వెళ్లకుండా ఉండటం ఆయన చేతిలో లేదు. బండి గీత మీద, కప్పులో టీ తొణకనంత మెత్తగా ఆగింది.

టైలరమ్మ బ్రేకు మీదినుంచి కాలు తీయలేదు. "ఇదీ" అంది. "నేను నేర్చుకున్న బ్రేకు ఇదీ."

మాస్టారు తల దించుకున్నారు.

"ప్రతిసారీ తొక్కారా?"

"మొదట్లో ప్రతిసారీ. తర్వాత... తర్వాత కూడా చాలాసార్లు."

"టెస్టు రోజు?"

లైసెన్సు టెస్టు ఆ బండిలోనే జరుగుతుంది. ఆఫీసరు వెనక సీట్లో కూర్చుంటాడు, మాస్టారు తన సీట్లోనే ఉంటారు. వెనకనుంచి కాళ్లు కనిపించవు.

"ఆ రోజు కూడా" అన్నారు మాస్టారు. "అంతకుముందు రెండుసార్లు ఫెయిలయ్యావు. రెండోసారి ఈ సీట్లోనే కూర్చుని ఏడ్చావు. నాకు ఇక రాదు, వదిలేస్తాను అన్నావు. చూడలేకపోయాను."

"నేను ఏడుస్తున్నానని తొక్కారు."

"అవునమ్మా."

"నా ఏడుపు ఆపారు గానీ, బండి ఆపడం నేర్పలేదు."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. గిడ్డంగి గోడ మీద ఎవరో ఎప్పుడో అంటించిన పోస్టరు సగం ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాని మీద ఏముందో చదవాలని చూశారు, అక్షరాలు కనిపించలేదు. కళ్లలో నీళ్లు నిండాయని అప్పుడు తెలిసింది.

తుడుచుకోకుండానే ఆమె వైపు తిరిగారు. "విను. నువ్వు అడిగింది చెప్తాను. నువ్వు బ్రేకు తొక్కావు. తొక్కాల్సిన వేళకే తొక్కావు. వెనక ఎర్ర లైట్లు వెలగడం నేను చూశాను. నీ కాలు బిగుసుకుపోలేదు, నీకు మతి పోలేదు. తొక్కాల్సినంత తొక్కలేదు, అంతే. ఎంత తొక్కాలో నీకు తెలియదు. తెలియకుండా చేసింది నేను. ఆ రోజు నిన్ను కారులో చూడగానే, ఇంకా ఏమీ జరగకముందే, నా కాలు నేలను తొక్కింది. నువ్వు ఆపలేవని దానికి తెలుసు. నాలుగింటికి వెళ్లి ఇదంతా చెప్తాను."

"స్కూలు మూసేస్తారు కదా?"

"మూసేస్తారు. మూసేయాలి."

ఆమె స్టీరింగు మీదినుంచి చేతులు తీసింది. మెడలో టేపు ఉందని అప్పుడు గమనించి, తీసి, వేళ్ల చుట్టూ చుట్టుకుంది. మాస్టారు ఆమె ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"నాకు మీ మీద జాలి రావడం లేదు మాస్టారూ" అంది. "రేపెప్పుడైనా వస్తుందేమో. ఇవాళ మాత్రం రావడం లేదు. ఆస్పత్రిలో ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నన్ను కూర్చోమంది. అదే గుర్తొస్తోంది."

"రానక్కర్లేదమ్మా."

మాస్టారికి వింతగా మనసు తేలికపడింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. చెప్పేశాను, ఇక రైటరు ముందు కూడా చెప్పేస్తాను, ఏం జరిగితే అది జరుగుతుంది అనుకున్నారు. తన తప్పు ఇంతటితో కొలతకు వచ్చిందనుకున్నారు.

టైలరమ్మ తలుపు తీయబోయి ఆగింది.

"నాకొక్కదానికేనా మాస్టారూ?"

"ఏంటమ్మా?"

"ఇలా తొక్కింది. నాకొక్కదానికేనా?"

"భయపడేవాళ్లకు మాత్రమే..." అన్నారు మాస్టారు.

"భయపడనివాళ్లు మీ దగ్గరికి ఎందుకొస్తారు?"

ఆమె నిష్ఠూరంగా అనలేదు. కొలత తీసుకుంటూ అడిగినట్టు అడిగింది. ఆ పేరు, ఆ భయం పోగొట్టే పేరు, ఊరి నలుమూలలనుంచీ ఎవరిని తన దగ్గరికి తీసుకొచ్చిందో ఒక్కసారిగా మాస్టారి కళ్లకు కట్టింది. అరవయ్యో ఏట స్టీరింగు పట్టిన రిటైర్డ్ హెడ్మాస్టరు. పళ్ల డాక్టరు భార్య. ఒకరు నేర్చుకుంటుంటే ఇంకొకరు వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చునే కవల అక్కచెల్లెళ్లు. బ్యాంకులో పనిచేసే అతను, మొదటి రోజు చెమటకు చొక్కా తడిసిపోయి, చివరి రోజు ఆనందంతో కౌగిలించుకున్నవాడు. వాళ్లంతా ఇప్పుడు, ఈ మధ్యాహ్నం, ఎక్కడో ఒక రోడ్డు మీద ఉన్నారు. అందరివీ మెత్తటి కాళ్లు. పక్క సీట్లో ఎవరూ లేరు.

రిజిస్టర్లు తీయాలి, అందరినీ వెతకాలి, పిలిచి చెప్పాలి అనుకున్నారు. ఎవరినుంచి మొదలుపెట్టాలి? ఈ మధ్యే నేర్చుకున్నవాళ్లనుంచి. అందరికంటే ఈ మధ్య ఎవరు నేర్చుకున్నారా అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే, అసలు రిజిస్టరులో పేరే లేని ఒక శిష్యురాలు గుర్తొచ్చింది.

ఆయన కూతురు. తండ్రి దగ్గర నేర్చుకోవడానికి పేరు రాయడం ఎందుకని రాయలేదు. రెండు నెలల క్రితమే లైసెన్సు వచ్చింది. చిన్నప్పటినుంచీ పిరికిది. ఆ పిల్ల పక్కన కూర్చున్నన్ని రోజులూ మాస్టారు కాలు బ్రేకు మీదినుంచి ఎత్తితే ఒట్టు. "నాన్నా, నాకు డ్రైవింగ్ ఇంత సులువుగా వస్తుందనుకోలేదు" అని ఆ పిల్ల మురిసిపోతే, ఆయన అంతకన్నా మురిసిపోయారు.

మాస్టారు గడియారం చూసుకున్నారు. మూడు కావడానికి అయిదు నిమిషాలుంది. మూడింటికి మనవరాలి స్కూలు వదులుతారు. పాపను తీసుకురావడానికి కూతురు రోజూ కారులోనే వెళ్తుంది. ఈ వేళకు దారిలో ఉంటుంది. స్కూలు గేటు ముందు రోడ్డు నిండా పిల్లలుంటారు.

ఫోను తీసి నంబరు నొక్కారు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కారు.

"ఎవరికి మాస్టారూ?" అంటోంది టైలరమ్మ.

ఆయనకు వినిపించలేదు. ఫోను మోగుతూనే ఉంది. కూతురు ఎత్తదని ఆయనకు తెలుసు. బండి నడిపేటప్పుడు ప్రాణం మీదికొచ్చినా ఫోను ముట్టుకోకూడదని, ఆ ఒక్కటి మాత్రం ఆయన గట్టిగా నేర్పారు.